మడిలోకి దిగిన దేవతకే ఓటు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పుట్టి పెరిగిన పిల్లలకు వ్యవసాయాన్ని వీడియో గేమ్ నేర్పాలా అని పెద్దలకు అనిపించడం సహజమే. కానీ హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ ఇళ్లలో ఇప్పుడు చాలామంది పిల్లలు హాస్టల్ చదువుల్లో ఉన్నారు. పండక్కి వచ్చినప్పుడే పొలం గట్టు తొక్కుతారు. విత్తడం, తడి పెట్టడం, కలుపు తీయడం, కోయడం అనే వరస వాళ్లలో కొందరికి పొలంలో కంటే ముందు తెర మీదే పరిచయమవుతోంది. కాబట్టి ఏ సాగు ఆట ఆడాలన్నది ఈ ప్రాంతంలో ఉబుసుపోక వేసే ప్రశ్న కాదు. ఆటలో కనిపించిన పొలమే వాళ్ల మనసులో ‘పొలం’గా నిలిచిపోయే అవకాశం ఉంది.

ఈ ఆటల్లో రెండు దారులున్నాయి. మొదటిది పాత దారి. పట్నం వదిలి పల్లెకు వచ్చిన కుర్రాడు, బీడు పడ్డ భూమి, నాలుగు ఋతువులు, కోళ్లు, ఆవులు, ఊళ్లో స్నేహాలు. రెండోది మాయ దారి. అక్కడ పొలం పక్కనే దెయ్యాలుంటాయి, రాక్షసులుంటారు, మాట్లాడే పుర్రెలుంటాయి, దేవతలు తిరుగుతారు. హింస, హడావిడి లేకుండా నెమ్మదిగా సాగే వీటిని ఆటగాళ్లు కోజీ గేమ్‌లు అంటారు. పిల్లలకు పాత దారి మంచిదనీ, దెయ్యాల దారి అనవసరమనీ మొదటి చూపులో ఎవరైనా అంటారు. ఎడమ కాలువ ఆయకట్టు నుంచి చూస్తే ఈ తీర్పు తిరగబడుతుంది.

పాత దారికి మూలపురుషుడు యాసుహిరో వాడా. జపాన్‌లో మియజాకి ప్రాంతపు పల్లెలో పెరిగి టోక్యో చేరిన మనిషి. నగరంలో స్థిరపడ్డాక, వదిలి వచ్చిన పల్లె విలువ తెలిసి, యుద్ధాలూ తుపాకులూ లేని ఆట ఒకటి చేయాలనుకున్నాడు. అలా 1996లో సూపర్ ఫామికాం అనే ఆటల పెట్టె మీద వచ్చినదే తర్వాత అమెరికాలో ‘హార్వెస్ట్ మూన్’గా పేరుపడింది. దాని మీద ప్రేమతో సియాటిల్ ప్రాంతపు యువకుడు ఎరిక్ బరోన్ నాలుగేళ్లకు పైగా ఒంటరిగా కూర్చున్నాడు. బొమ్మలూ సంగీతమూ సంభాషణలూ ప్రోగ్రామింగూ అన్నీ తానే చేసి 2016 ఫిబ్రవరిలో ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ విడుదల చేశాడు. ఆట చేస్తున్న రోజుల్లో ఖర్చులకు ఒక థియేటర్‌లో ప్రేక్షకులకు సీట్లు చూపించే పని చేశాడు. 2024 చివరికి ఆ ఆట 4 కోట్ల 10 లక్షల కాపీలు అమ్ముడైంది. ఒక్క మనిషి ఓపికకు ఇంత ఫలితం దక్కడం ఈ రంగంలో అరుదు, అందులో సందేహం లేదు.

ఆ ఆటలో వరి కూడా ఉంది. వసంతంలో నారు కొని నాటితే ఎనిమిది రోజులకు పంట చేతికొస్తుంది. చెరువు ఒడ్డునో ఏటి పక్కనో నాటితే తడి పెట్టే పనే లేదు, ఆరు రోజులకే కోతకు వస్తుంది. కోసినది రాత్రికి పెట్టెలో వేస్తే తెల్లారేసరికి డబ్బులు. ఎంత వేసినా ధర తగ్గదు. బావిలో నీళ్లు ఎప్పటికీ అయిపోవు. ఒక రోజు తడి మరిచిపోతే మొక్క ఎండిపోదు, ఆ రోజుకు ఎదగడం ఆపుతుంది, అంతే.

దీన్ని హుజూర్‌నగర్ పక్కన పెట్టి చూడండి. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరికి నారు పోసిన నాటి నుంచి కోత దాకా దాదాపు 150 రోజులు పడుతుంది. తెలంగాణ సోనకు 125 రోజులు. ఈ రోజులన్నీ రైతు చేతిలో ఉండవు. 2023–24 యాసంగిలో సాగర్‌లో నీళ్లు లేక ఎడమ కాలువ కింద వరికి నీరు వదల్లేదు. ఆ తర్వాతి వానాకాలంలో, 2024 సెప్టెంబరు 1 నాటికి కురిసిన వానలకు కోదాడ వీధులు మునిగాయి, నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర అదే కాలువకు గండి పడింది. ఏడాది తిరక్కుండానే ఒకసారి చుక్క లేక, మరోసారి పట్టలేనంత వచ్చి రైతు నష్టపోయాడు. పంట బాగా పండిన ఏడాదిలోనూ కథ కల్లం దగ్గర ముగియదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. తాలు ఎంత, తరుగు ఎంత, కాంటా ఎప్పుడు, లారీ ఎప్పుడు, సంచులున్నాయా అన్న ఆరాటం మిగిలే ఉంటుంది. మిర్యాలగూడ మిల్లులకు కోత యంత్రం నుంచి నేరుగా పచ్చి ధాన్యం తోలే రైతులైతే ట్రాక్టర్ల బారులో రాత్రిళ్లు గడిపిన సందర్భాలెన్నో. 2025–26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర ఏ గ్రేడు క్వింటాలుకు 2,389 రూపాయలు. సన్నాలకు రాష్ట్ర ప్రభుత్వం మరో 500 బోనస్ ఇస్తానంటుంది. కాగితం మీది ఆ అంకెకూ చేతికి వచ్చే డబ్బుకూ మధ్య ఎన్ని మజిలీలున్నాయో ఈ ప్రాంతంలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు.

మరి ఏది మాయ?

ఎప్పటికీ ఎండని బావి మాయ. ఎంత తెచ్చినా ఒకే ధరకు కొనే పెట్టె మాయ. రాత్రికి రాత్రే జమయ్యే డబ్బు మాయ. మాట్లాడే పుర్రెను చూసి ఇది కల్పన అని పిల్లవాడు వెంటనే గుర్తుపడతాడు. ఎండని బావిని మాత్రం కల్పన అనుకోడు, వ్యవసాయమంటే ఇదేనని నమ్మేస్తాడు. పాత దారి ఆటల్లో అసలు తంటా ఇక్కడుంది. మాయ లేదని చెప్పుకునే ఆటలో కంటికి కనబడని మాయ నిండా ఉంది. ఆ కాస్త కనబడే మాయను కూడా ఈ ఆటలు పూర్తిగా వదులుకోలేదు. తొలి హార్వెస్ట్ మూన్‌లోనే ఊటలో పంట దేవత ఉంది, చిన్న చిన్న పంట బుడతలున్నారు. స్టార్‌డ్యూలో అడవి ఆత్మలు జునిమోలు, మాంత్రికుడి గోపురం, మూడో ఏట లెక్క చూడ్డానికి వచ్చే తాత ఆత్మ ఉన్నాయి. శుద్ధమైన పాత దారి అనేది మొదటి రోజు నుంచీ లేదు.

అలాగని దెయ్యమున్న ప్రతి ఆటా మంచిదైపోదు. మాయ దారిలో కూడా తేడాలున్నాయి, వాటిని విడివిడిగా తూచాలి. 2006లో మొదలైన ‘రూన్ ఫ్యాక్టరీ’ వరసలో అడవి రాక్షసులను మచ్చిక చేసుకుంటే అవే మొక్కలకు నీళ్లు పెడతాయి, పంట కోస్తాయి. ఇక్కడ మాయ కూలి పని చేసే మనిషిని పొలం నుంచి తీసేసింది. నాట్ల కాలంలో కూలీలు దొరక్క బిహార్, బెంగాల్ నుంచి వచ్చిన గుంపుల కోసం ఎదురుచూసే ఆయకట్టు రైతుకు ఇది తీయని కలే. ఆటగా సరదాగానే ఉంటుంది. సాగు గురించి మాత్రం చెప్పేది తక్కువ. 2018లో వచ్చిన ‘గ్రేవ్‌యార్డ్ కీపర్’లో శ్మశానం చూసుకుంటూ పక్కనే కూరగాయలు పండించాలి. శవాలు మోసుకొచ్చే గాడిద తన కష్టానికి కూలి అడుగుతుంది, క్యారెట్లు ఇస్తేనే బండి లాగుతుంది. శ్రమకు వెల అడిగే ఆ గాడిద వరకు బాగుంది. శవాల చుట్టూ తిరిగే మిగతా వ్యవహారం పెద్దల ఆట, బడి పిల్లల చేతికి ఇవ్వదగింది కాదు. బరోన్ తర్వాతి ఆట ‘హాంటెడ్ చాక్లెటియర్’ను 2021లో ప్రకటించాడు. అందులో దెయ్యాలు మిఠాయి కొట్టులో పని చేస్తాయి. అది చేతికొచ్చాక మాట్లాడుకోవచ్చు.

ఈ దారిలో ఎడమ కాలువ రైతు ఇంట్లో ఉండదగిన ఆట ఒకటుంది. పేరు ‘సకునా: ఆఫ్ రైస్ అండ్ రూయిన్’. ఎడెల్వైస్ అనే చిన్న జపాన్ బృందం ఏళ్ల తరబడి తయారుచేస్తే, 2020 నవంబరులో వచ్చింది. కథలో సకునా ఒక చిన్న దేవత. తల్లి పంట దేవత, తండ్రి యుద్ధ దేవుడు. గారాబంగా పెరిగిన ఆమెను, దేవలోకపు ధాన్యపు కొట్టును తగలబెట్టిన నేరానికి రాక్షసుల దీవికి పంపేస్తారు. అక్కడ నలుగురైదుగురు మనుషులతో కలిసి వరి పండించుకుని బతకాలి. పంట ఎంత బాగా వస్తే రాక్షసులతో పోరాడే బలం అంత పెరుగుతుంది.

అంతవరకు వింటే మామూలు మాయ కథే. మడిలోకి దిగాక తెలుస్తుంది ఆ బృందం వరిని ఎంత గౌరవించిందో. విత్తనాలను ఉప్పు నీళ్లలోనో బురద నీళ్లలోనో వేసి తేలిన తాలును తీసేయాలి. మన వ్యవసాయ అధికారులు నారు పోసే ముందు చెప్పే పని అదే. రకరకాల పదార్థాలు కలిపి ఎరువు తయారుచేయాలి. నేలను గుల్ల చేయాలి. నాట్లు వంగి ఒక్కొక్క కుదురుగా వేయాలి, దగ్గరగా వేస్తే ఒక ఫలితం, దూరంగా వేస్తే మరొకటి. మడిలో నీరు ఎంత లోతు ఉండాలో పంట దశను బట్టి మార్చాలి. మధ్యలో ఒకసారి నీరు తీసేసి నేల ఆరగట్టాలి. కలుపు తీయడానికి బాతులను వదలొచ్చు. పురుగు వస్తుంది, తెగులు వస్తుంది. కోసిన పనలు ఆరబెట్టి, గింజ రాల్చి, దంచి బియ్యం చేసేదాకా ప్రతిదీ చేత్తో చేయాలి. దేవత అయినంత మాత్రాన ఒక్క పనీ తగ్గలేదు. చివర్లో పంటను కొలిచేది ఒక్క అంకెతో కాదు. దిగుబడి, రుచి, గట్టిదనం, జిగురు, రంగురూపం, వాసన అన్నీ విడివిడిగా చూస్తారు.

ఈ చివరి సంగతి హుజూర్‌నగర్ పాఠకుడికి ప్రత్యేకంగా తాకాలి. 2025 మార్చి 30న, ఉగాది నాడు, రేషన్ కార్డుల మీద సన్నబియ్యం ఇచ్చే పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టింది ఇక్కడే. సన్నమా దొడ్డా, అన్నం పొడిగా ఉంటుందా ముద్దవుతుందా, కొత్త బియ్యమా పాతదా అన్న లెక్కలు ఈ ఊళ్లలో ప్రతి వంటింట్లో ఉన్నాయి. బియ్యమంటే ఒకే బొమ్మ, ఒకే ధర అనుకునే ఆటల మధ్య, గింజ గుణాన్ని ఇన్ని రకాలుగా తూచే ఆట ఒక దేవత కథలోంచి రావడం గమనించాలి.

జపాన్‌లో ఈ ఆట వచ్చినప్పుడు వింత జరిగింది. పంట సరిగా రాని ఆటగాళ్లు చిట్కాల కోసం వెతికి వెతికి తమ దేశ వ్యవసాయ శాఖ వెబ్‌సైట్‌లో వరి సాగు పేజీలు చదివారు. అక్కడ రాసినట్టు నీరు పెడితే ఆటలో దిగుబడి పెరిగింది. ఆ కబురు దేశమంతా పాకింది. ఆట పది లక్షల కాపీలు దాటింది, 2024లో యానిమే ధారావాహికగానూ వచ్చింది. ఆటగాళ్లు ప్రభుత్వ వ్యవసాయ సలహాలు ఇష్టపడి చదివిన సందర్భం ఇంకెక్కడైనా ఉందా? పాఠ్యపుస్తకాలు చేయలేని పని ఒక దేవత కథ చేసింది.

దేవతను సాగుతో కలిపి చూడటం ఈ నేలకు కొత్తేమీ కాదు కూడా. చెరువు కట్ట మీద మైసమ్మ ఉంటుంది. ఊరి నడుమ బొడ్రాయి ఉంటుంది, ముత్యాలమ్మకు బోనమెత్తుతారు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర రెండేళ్లకోసారి లక్షల మందిని రప్పిస్తుంది. పాలకవీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు మతాలతో పని లేకుండా ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. ఈ దేవతలెవరూ రైతు బదులు నాగలి పట్టరు. కట్ట మైసమ్మ దగ్గరికి బోనాలతో ఊరంతా ఏటా కట్ట ఎక్కినప్పుడు, ఎక్కడ బుంగ పడింది, తూము ఎక్కడ కారుతోంది అన్నది అందరి కళ్లా పడుతుంది. అమ్మవారు బాధ్యతను గుర్తు చేస్తుంది. సకునాలోని దేవత ఆ కోవలోది, రూన్ ఫ్యాక్టరీలోని రాక్షసులు కాదు. మాయ పని తగ్గిస్తోందా, బాధ్యత పెంచుతోందా? సాగు ఆటను ఎంచుకునేటప్పుడు వేయాల్సిన ప్రశ్న ఇదే.

పాత దారి పక్షాన ఒక బలమైన వాదన ఉంది. పగలంతా అప్పుల మాట, నీళ్ల మాట వినే ఇంట్లో పిల్లవాడు రాత్రి అరగంట ఆడుకునే ఆటలోనూ గండి, తెగులు, ధర పడిపోవడం ఎందుకుండాలి? ఎండని బావి వాడికి ఊరట ఇస్తే తప్పేముంది? తప్పు లేదు. విశ్రాంతి రైతు బిడ్డకూ హక్కే. స్టార్‌డ్యూను ఎవరూ లాక్కోవాల్సిన అవసరం లేదు. పైగా అది ఒకసారి కొంటే మళ్లీ డబ్బు అడగదు, ఆండ్రాయిడ్ ఫోనులోనూ నడుస్తుంది. సకునాకు కంప్యూటరో, ఆటల పెట్టో కావాలి. హుజూర్‌నగర్‌లో సగటు ఇంటికి ఈ తేడా పెద్దదే. అయితే ఊరట కోసం ఆడే ఆటను వ్యవసాయ పాఠంగా పొరబడకూడదు. ఆ తేడా చెప్పగలిగినవాళ్లు ఇంట్లోనే ఉన్నారు. ఈ ఎనిమిది రోజుల వరి ఏ రకమో అడగమని తాతను పిలిస్తే చాలు, రాత్రంతా మాట్లాడతాడు.

దేవత వద్దు, లెక్క కావాలి అనుకునేవాళ్లకు మూడో తోవ ఉంది. స్విట్జర్లాండ్ సంస్థ జయంట్స్ 2008 నుంచి తెస్తున్న ‘ఫార్మింగ్ సిమ్యులేటర్’. అందులో బ్యాంకు అప్పు ఉంటుంది, ధరలు పెరిగి తగ్గుతాయి, ట్రాక్టరు కొనాలంటే లెక్క చూసుకోవాలి. చాలాకాలం అది ఎక్కువగా ఐరోపా, అమెరికా గోధుమ, మొక్కజొన్న పొలాల చుట్టూనే తిరిగింది. 2024 నవంబరులో వచ్చిన ‘ఫార్మింగ్ సిమ్యులేటర్ 25’లో వరి మడులు, నాటు యంత్రాలు, నీళ్లు నింపుకోవాల్సిన పొలాలు, బర్రెలు చేరాయి. ఆసియా పల్లెను తలపించే పటం కూడా పెట్టారు. కోజీ ఆటల హాయి దానిలో తక్కువ. ఇంటర్ పూర్తిచేసి ట్రాక్టరు మీద మనసున్న కుర్రాడికి మాత్రం ఇది నచ్చుతుంది.

తల్లిదండ్రులు నిజంగా భయపడాల్సింది దెయ్యాలకు కాదు, ఉచితమని వచ్చే ఆటలకు. 2009లో ఫేస్‌బుక్‌లో వచ్చిన ‘ఫామ్‌విల్’ను ఒక దశలో నెలకు 8 కోట్లకు పైగా జనం ఆడారు. చెప్పిన వేళకు వచ్చి కోయకపోతే పంట వాడిపోయేది. ఆ భయంతో జనం ఆఫీసుల్లో కూర్చుని కూడా పొలం తెరిచారు. 2020 డిసెంబరు 31న దాన్ని మూసేశారు, అందులో నాటినవన్నీ పోయాయి. 2012లో వచ్చిన ‘హే డే’లో పంట పోదు, కానీ ఎదురుచూపు ఉంటుంది. ఆ ఎదురుచూపు భరించలేకపోతే వజ్రాలు ఖర్చు పెట్టాలి, వజ్రాలు అయిపోతే అసలు డబ్బుతో కొనాలి. వరి పొట్టకు రావడానికి పట్టే కాలాన్ని డబ్బుతో కుదించవచ్చని పిల్లలకు నేర్పే ఆట ఏ రాక్షసుడికన్నా హానికరం. ఓపికే పెట్టుబడిగా ఉన్న పనిని ఓపిక లేమి మీద నడిచే వ్యాపారంగా మార్చడం అన్యాయం.

పైన చెప్పిన ఆటల్లో ఒక్కదానిలోనూ తెలుగు లేదు. స్టార్‌డ్యూ పన్నెండు భాషల్లో దొరుకుతుంది, వాటిలో హంగేరియన్ ఉంది, టర్కిష్ ఉంది, ఒక్క భారతీయ భాష లేదు. భాష మాత్రమే కాదు, పొలం కూడా మనది కాదు. చివరి ఆయకట్టు అన్న మాటలో ఎంత దుఃఖముందో ఏ ఆటకూ తెలియదు. ఎగువన తూములు ఎత్తేస్తే ముక్త్యాల బ్రాంచి కింది మడికి నీరు చేరదు. వంతుల వారీగా కాలువకు నీళ్లు వదిలి ఆపే రోజుల్లో రాత్రిపూట టార్చి పట్టుకుని గట్టు వెంట తిరిగే రైతు, కాలువ చూసుకునే లస్కరుతో మాట, పక్క మడివాడితో తగువు, మళ్లీ పొద్దున అతనితోనే టీ. ఆటకు ఇంతకంటే మంచి ముడిసరుకు ఉంటుందా?

ఇండోనేషియా యువకులు తమ సముద్రాన్ని, పగడాలను, జలకన్యలను పెట్టుకుని ‘కోరల్ ఐలాండ్’ చేసి 2023లో విడుదల చేశారు. పుణె బృందం ‘రాజీ’ అనే ఆటలో మన పురాణాల దేవతలను 2020లోనే తెర మీదికి తెచ్చింది. ఆటలు తయారుచేసేవాళ్ల జాతీయ సమావేశాలకు హైదరాబాద్ ఏళ్లపాటు వేదికైంది. ఆటకు పనికొచ్చే సాగు లెక్క కూడా సిద్ధంగానే ఉంది. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా వ్యవసాయ పంచాంగం వేస్తుంది. హుజూర్‌నగర్‌కు దగ్గర్లోని గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. విత్తన శుద్ధి నుంచి సుడిదోమ, అగ్గితెగులు దాకా ఏ దశలో ఏం చేయాలో అక్కడి శాస్త్రవేత్తలు రైతులకు రోజూ చెబుతున్నారు. ఇంజనీరింగ్ చదివి కోడింగ్ నేర్చిన ఆయకట్టు పిల్లలకు ఇక కావాల్సింది మన పొలం ఆటను మనమే చేయాలన్న నిర్ణయం ఒక్కటే.

ఆ ఆటలో చెరువు కట్ట మీద మైసమ్మ ఉండాలి. బుంగ పూడ్చని ఏడాది ఆమె అలగాలి. ఎడమ కాలువకు గండి పడే రోజు రావాలి, చుక్క రాని యాసంగి రావాలి, ఆ యాసంగిలో ఆరుతడి పంటకు మళ్లాలా భూమిని పడావు పెట్టాలా అన్న నిర్ణయం ఆటగాడే చేయాలి. కాంటా దగ్గర తేమ మీటరు 18 చూపించి ధాన్యాన్ని మళ్లీ ఆరబోయించాలి. మాటలన్నీ తెలుగులో, ఈ పక్క యాసలో వినిపించాలి. అప్పటివరకు ఈ ఏడాది ఒక్క ఆటే కొనగలిగే ఇంటికి, కంప్యూటరుంటే సకునా, ఫోను మాత్రమే ఉంటే స్టార్‌డ్యూ. వజ్రాలు అడిగే ఆట ఏదైనా ఫోనులో ఉంటే ఈ రాత్రికే తీసేయాలి.